మొరాయించిన మోటారు కారు

హైదరాబాదు నగరమున అమీర్‌పేట నుండి పంజాగుట్టకు పోవు రహదారి ఉదయము తొమ్మిది గంటల వేళ చూడదగినది. పైన మెట్రో రైలు వంతెన నిలిచియుండును. క్రింద బస్సులు, ఆటోలు, కార్లు, స్కూటర్లు చీమల బారువలె ఒకదాని వెంట ఒకటి సాగుచుండును. పరీక్షకు పోవు విద్యార్థియు, కొలువునకు పోవు ఉద్యోగియు, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి పోవు రోగియు ఈ దారిలోనే పయనింతురు. ఇట్టి వేళ ఒక్క కారు ఆగిపోయి, మరల కదలనని మొరాయించినచో దాని వెనుక పదుల కొలది బండ్లు నిలిచిపోవును. అందరి తొందరయు ఆ ఒక్క యంత్రముపై ఆధారపడియుండును.

ఈ నగరమునకు మోటారు బండ్లు క్రొత్తవి కావు. 1932వ సంవత్సరము జూను నెలలో నిజాము రాష్ట్ర రైల్వే వారు రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినపుడు అందు 27 బస్సులును, 166 మంది ఉద్యోగులును మాత్రమే యుండిరి. నేడు అమీర్‌పేటలో ఒక్క అపార్టుమెంటు అడుగున నున్న సెల్లారులోనే అన్ని కార్లు కనిపించును. బండ్లు పెరిగినవి, వాటిని నడుపువారును పెరిగిరి. కాని తాళపుచెవి త్రిప్పినను బండి కదలకున్నచో ఏమి చేయవలెనో తెలిసినవారు అంతగా పెరుగలేదు. బండి ఏల కదలదో తెలిసికొనుట మంత్రవిద్య కాదు. అది క్రమము తప్పని ఆలోచన. ఎనిమిదవ తరగతి విద్యార్థి సైతము దానిని గ్రహింపగలడు.

ముందుగా ఇంజనునకు ఏమేమి కావలయునో తెలియవలెను. పల్లెటూరి వంటయింటిలో కట్టెలపొయ్యి వెలిగించుటకు కట్టె కావలెను, గాలి కావలెను, నిప్పు కావలెను. ఈ మూటిలో ఏది లేకున్నను పొయ్యి వెలుగదు. పెట్రోలు ఇంజనును అట్టిదే. దానికి కట్టెకు బదులు పెట్రోలు; అగ్గిపుల్లకు బదులు ప్లగ్గు నుండి పుట్టు విద్యుత్ రవ్వ. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. అయితే పొయ్యికి లేని అవసరములు రెండు ఇంజనునకు కలవు. మొదటిది, గాలిని, పెట్రోలును సిలిండరులో గట్టిగా అదుమవలెను. రెండవది, అది నిలిచియున్నపుడు ఈ పనులలో ఏ ఒక్కటియు తనంతట చేసికొనలేదు. మొట్టమొదట ఎవరో దానిని త్రిప్పవలెను. ఒకసారి తిరిగినచో పిస్టను క్రిందికి జరిగి గాలిని పీల్చును, పైకి వచ్చి అదుమును, రవ్వ తగిలి మంట పుట్టగా బలముతో క్రిందికి నెట్టబడును, తిరిగి పైకి వచ్చి పొగను వెలికి త్రోయును. ఆ పిమ్మట ఇంజను తన బలముతో తానే తిరుగును.

తొలినాళ్ళలో ఈ మొదటి త్రిప్పుడు మనుష్యుని చేతి పని. కారు ముందు భాగమున ఇనుప హ్యాండిలును దూర్చి బలముగా త్రిప్పెడివారు. ఇంజను ఒక్కొక్కసారి ఎదురు తిరిగి హ్యాండిలును వెనుకకు విసరుటచే చేతులు విరిగినవారు కలరు. అమెరికా దేశమున చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు 1911లో బ్యాటరీ బలముతో ఇంజనును త్రిప్పు చిన్న విద్యుత్ మోటారును రూపొందించెను. 1912 నాటి కాడిలాక్ కార్లలో అది అమరినది. దానినే నేడు స్టార్టరు మోటారు అందురు. షెడ్లలో పనివారు 'సెల్ఫు' అని పిలుతురు. మన దేశపు అంబాసిడర్ కారునకు సెల్ఫు ఉన్నను చాలకాలము హ్యాండిలును కూడ ఇచ్చెడివారు. బ్యాటరీ మొండికెత్తిన ఉదయమున డ్రైవరు హ్యాండిలు త్రిప్పుట ఒకప్పుడు నగర వీధులలో తరచు కనబడు దృశ్యము. 2014లో అంబాసిడర్ తయారీ నిలిచిపోయినది. నేటి కార్లకు హ్యాండిలు దూర్చు రంధ్రమే లేదు. కావున నేడు బ్యాటరీయు సెల్ఫును సరిగా లేనిదే కారు మేల్కొనదు.

కారు మొరాయించినపుడు మొదట వేయవలసిన ప్రశ్న ఒక్కటే: ఇంజను తిరుగుచున్నదా, లేదా? దీనికి బదులు చెప్పుటకు పానా అక్కరలేదు, మూత తెరువనక్కరలేదు, చెవులున్న చాలును. తాళపుచెవి త్రిప్పినపుడు ఏ శబ్దమును రాకున్నచో విద్యుత్తు సెల్ఫు వరకు చేరుటయే లేదు. 'టక్కు'మని ఒకే శబ్దము వచ్చి నిలిచినచో సెల్ఫు మీటకు ఆజ్ఞ అందినది గాని మోటారు తిరుగలేదు. 'టకటకటక' యని వరుసగా కొట్టుకొన్నచో తరచుగా బ్యాటరీలో సత్తువ చాలదని గుర్తు. మూలిగినట్లు మెల్లమెల్లగా తిరిగినచో విద్యుత్తు కొంత అందుచున్నది గాని చాలినంత అందుటలేదు. ఇంజను చురుకుగా తిరిగియు అందుకొనకున్నచో బ్యాటరీని, సెల్ఫును తప్పుపట్టరాదు. లోపము పెట్రోలులోనో, రవ్వలోనో, గాలిలోనో యుండును. ఈ విధముగా ఒక్క వినికిడిచే సగము సందేహములు తొలగిపోవును.

ఇంజను తిరుగకున్నపుడు అతి సులభమైన సంగతులను ముందు చూడవలెను. గేరు సరియైన స్థానమున ఉన్నదా? కొన్ని కార్లలో క్లచ్చి త్రొక్కినగాని సెల్ఫు పనిచేయదు, త్రొక్కితిమా? దీపములు వెలుగుచున్నవా? చిన్న కారణమును చూడక పెద్ద కారణమును వెదకువాడు చంకలో పిల్లను పెట్టుకొని ఊరెల్ల వెదకినవాని వంటివాడు.

తరువాత బ్యాటరీ. 1859లో గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన సీసపు బ్యాటరీయే చాల మార్పులతో నేటికిని కార్లలో పనిచేయుచున్నది. అందు సీసపు పలకలు నీరు కలిపిన గంధకికామ్లములో మునిగియుండును. ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టుల చొప్పున ఆరు గదులు కలిసి 12.6 వోల్టుల నిచ్చును. కారు కొన్ని గంటలు ఊరకున్న పిమ్మట మీటరు పెట్టినపుడు 12.6 చూపినచో బ్యాటరీ నిండుగా నున్నది, 12.2 చూపినచో సుమారు సగమైనది. 12 కంటె తగ్గినచో దాదాపుగా అడుగంటినది. సెల్ఫు తిరుగు వేళ ఈ సంఖ్య కొంత తగ్గుట సహజము, కాని 9.6 కంటె క్రిందికి పడరాదు. ఇంజను తిరుగుచున్నపుడు ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుచుండును గనుక మీటరు 13.8 నుండి 14.5 వరకు చూపవలెను. అట్లు చూపకున్నచో బ్యాటరీ నిర్దోషి. దానిని నింపవలసిన ఆల్టర్నేటరు పని మానినది. అప్పుడు క్రొత్త బ్యాటరీని కొన్నను అదియు త్వరలోనే ఖాళీ యగును.

హైదరాబాదు వాతావరణము బ్యాటరీకి అంత అనుకూలము కాదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండకు లోపలి పలకలు త్వరగా క్షీణించును. చలికాలపు ఉదయమున ఇంజను ఆయిలు చిక్కబడి త్రిప్పుట బరువగును. ఎండ చేసిన హాని ఆనాడు బయటపడును. అమీర్‌పేట చౌరస్తాల యొద్ద ఆగుచు, కదలుచు, ఏ.సి.యు దీపములును వేసికొని రెండు కిలోమీటర్లు పోయివచ్చు కారునకు బ్యాటరీ నింపుకొను వ్యవధి చాలదు. అసలే కదలని కారు సంగతి చెప్పనేల? 2020 మార్చి 25న దేశమున లాక్‌డౌను మొదలైన పిమ్మట నెలల తరబడి సెల్లారులలో నిలిచిన కార్లు పెక్కు మేల్కొనలేదు. లెక్క వేసినచో ఇది వింత కాదు. కారు నిలిచియున్నను గడియారము, దొంగతాళము మొదలగునవి కొద్దిగా విద్యుత్తును వాడుకొనుచునే యుండును. అది ఒక ఆంపియరులో ఇరువదవ వంతు అనుకొన్నను రోజునకు 1.2 ఆంపియరు-గంటలగును. 35 ఆంపియరు-గంటల బ్యాటరీ దాదాపు నెల దినములలో అడుగంటును. వారమునకొకసారి కొంతదూరము నడుపుట దీనికి చక్కని మందు.

బ్యాటరీ నిండుగా నున్నను దాని కొనలపై తెల్లగానో, పచ్చగానో ఉప్పువంటి పదార్థము పేరుకొన్నచో విద్యుత్తు బయటికి రాలేదు. వంటసోడా కలిపిన వేడినీటితో దానిని కడిగి, ఆరబెట్టి, కొనలను గీకి, గట్టిగా బిగించినచో బండి కదలిన సందర్భములు అనేకము. ఇందొక జాగ్రత్త ఉన్నది. విప్పునపుడు ముందుగా ఋణధ్రువపు తీగను, అనగా నల్లదానిని, విప్పవలెను. బిగించునపుడు దానిని చివర బిగించవలెను. కారు శరీరమంతయు ఋణధ్రువముతో కలిసియుండును. నల్లతీగ ఉండగా ఎర్రకొనను విప్పునపుడు పానా ఏ ఇనుపభాగమునకు తగిలినను నిప్పులు చిమ్మును. బ్యాటరీ నుండి ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు, వెలువడుచుండును, అది మండునది. కావున బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయరాదు. లోపలి ఆమ్లము కంటికి, చర్మమునకు హానికరము.

ఇతర కారు నుండి విద్యుత్తును అరువు తెచ్చుకొను పద్ధతియు కలదు. ఎర్రతీగతో రెండు బ్యాటరీల ధనధ్రువములను కలుపుదురు. నల్లతీగ ఒక కొనను మంచి బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలింతురు. రెండవ కొనను మాత్రము ఖాళీ బ్యాటరీకి తగిలింపక, దానికి దూరముగా నున్న ఇంజను ఇనుపభాగమునకు తగిలింతురు. చివరి తగిలింపునందు రవ్వ పుట్టును గనుక అది హైడ్రోజన్ దరిని పుట్టకుండుటకే ఈ ఏర్పాటు. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకొనవలెను; దీనితో తరువాత పనియున్నది.

ఇప్పుడొక సందర్భమును ఊహింతము. అమీర్‌పేటలో అద్దెకారు నడుపు ఒక డ్రైవరు కలడనుకొందము. కారునకు నెలనెల కట్టవలసిన బాకీ యున్నది. ఇంట పిల్లల చదువున్నది. ఒకనాటి తెల్లవారుజామున విమానాశ్రయమునకు పోవలసిన ప్రయాణికుడు కూర్చొనియుండగా కారు మూలిగి మూలిగి నిలిచినది. ప్రయాణికుడు వేరొక కారు నెక్కిపోయెను. ప్రక్కింటివారి కారు నుండి తీగలు తగిలింపగా ఇంజను వెంటనే అందుకొన్నది. చూచినవారందరును "బ్యాటరీ పోయినది" అని తీర్పు చెప్పిరి. డ్రైవరు వేల రూపాయలు పోసి క్రొత్త బ్యాటరీని కొనెను. మరునాడును కారు మూలిగినది. ఈసారి "సెల్ఫు పోయినది" అని కొందరనిరి. సెల్ఫు మార్చుటకు మరికొన్ని వేలు కావలెను. అతనియొద్ద అంత సొమ్ము లేదు.

అతడు కారును తోయించుకొని పంజాగుట్ట దగ్గరి ఒక సందులోని షెడ్డునకు చేర్చెననుకొందము. అచ్చటి మెకానిక్కు ముందుగా పానా పట్టలేదు. హెడ్‌లైట్లు వేసి, తాళపుచెవి త్రిప్పుమని చెప్పి, తాను ముందు నిలిచి చూచెను. సెల్ఫు మూలిగినది, కాని దీపములు మసకబారలేదు. బ్యాటరీలోనే సత్తువ లేకున్నచో సెల్ఫు లాగిన వెంటనే దీపములు కుంగిపోవలెను. దీపములు కాంతితోనే యున్నవి గనుక బ్యాటరీయందు బలమున్నది; ఆ బలము సెల్ఫు వరకు పోవుటలేదు. తొట్టి నిండుగా నున్నను గొట్టములో మట్టి పేరుకొన్నచో కుళాయి నుండి నీరు సన్నగనే కారును గదా!

పిమ్మట అతడు మీటరును తీసికొని, సెల్ఫు తిరుగుచుండగా బ్యాటరీ కొనలకు పెట్టెను. 11.5 వోల్టులు చూపినది. తరువాత మీటరు ఒక తీగను బ్యాటరీ ఋణధ్రువమునకును, రెండవ తీగను ఇంజను ఇనుపభాగమునకును పెట్టి చూచెను. ఈ రెండును ఒకదానితో ఒకటి కలిసియుండవలసినవి గనుక వాని నడుమ భేదము అర వోల్టుకు మించరాదు. మీటరు 3 వోల్టులు చూపినది. అనగా బ్యాటరీ పంపిన బలములో నాల్గవ వంతునకు పైగా దారిలోనే వ్యర్థమగుచున్నది. ఇంజనును కారు శరీరముతో కలుపు జడవంటి తీగను ఎర్తు తీగ యందురు. అతడు కారు క్రింద దూరి దానిని తాకి చూడగా అది చురుక్కుమన్నది. అందుండి 100 ఆంపియర్లు పోవుచున్నవనుకొన్నను, 3 వోల్టులను 100చే హెచ్చింపగా 300 వాట్లు. సెల్ఫును త్రిప్పవలసిన ఆ శక్తి అంతయు త్రుప్పు పట్టిన ఆ చిన్న అతుకును వేడిచేయుటకే ఖర్చగుచున్నది. వర్షాకాలపు నీరు తగిలి ఆ బోల్టు క్రింద త్రుప్పు పేరుకొన్నది. అతడు దానిని విప్పి, గరుకు కాగితముతో రుద్ది, మరల బిగించెను. తాళపుచెవి త్రిప్పగానే ఇంజను అందుకొన్నది.

అయినచో మొదటినాడు ప్రక్కింటి కారు తీగలు తగిలింపగానే బండి ఏల కదలినది? ఆ నల్లతీగ చివరి కొనను ఇంజను ఇనుపభాగమునకు తగిలించిరి గదా! చెడిన ఎర్తు తీగకు బదులు ఆ నల్లతీగయే దారియైనది. అరువు తెచ్చిన విద్యుత్తు చెడిన అతుకును తప్పించుకొని, అరువు తెచ్చిన దారిననే పోయి బండిని కదల్చినది. చూచినవారు ఫలమును సరిగనే చూచిరి, కారణమును పొరపడిరి. డ్రైవరు వేల రూపాయల బ్యాటరీని కొనెను. అసలు మరమ్మతునకు పట్టినది ఒక ముక్క గరుకు కాగితము.

ఇక ఇంజను చురుకుగా తిరిగియు అందుకొనని సందర్భము. ఇచ్చటను క్రమమే శరణ్యము. మొదట మీటల దగ్గరి దీపములను చూడవలెను. పెట్రోలు ముల్లు అడుగున నున్నదేమో గమనింపవలెను. తాళపుచెవి గుర్తుగల దీపము మిణుకుమిణుకు మనుచున్నచో కారు తన చెవిని గుర్తింపలేదని అర్థము. దొంగతనము జరుగకుండుటకై చేసిన ఏర్పాటిది. రెండవ తాళపుచెవితో ప్రయత్నింపవచ్చును. తాళపుచెవిని మొదటి మెట్టునకు త్రిప్పినపుడు పెక్కు కార్లలో వెనుక సీటు ప్రాంతము నుండి రెండు సెకండ్ల పాటు సన్నని రొద వినిపించును. అది పెట్రోలు పంపు పని. ఆ రొద లేకున్నచో పంపు ఫ్యూజునో, రిలేనో ముందుగా చూడవలెను. పంపు పనిచేసినను ఫిల్టరులో మురికి నిండినచో పెట్రోలు చాలినంత రాదు. గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకొన్నచో ఇంజనునకు ఊపిరాడదు.

పెట్రోలు అందుచున్నచో రవ్వను చూడవలెను. ఇగ్నిషను కాయిలు 12 వోల్టుల విద్యుత్తును 20,000 వోల్టులకు మించి హెచ్చించి ప్లగ్గునకు పంపును. ప్లగ్గు కొనల నడుమ సందు సుమారు ఒక మిల్లీమీటరు. ఆ సందులో మసి పేరుకొన్నను, కొనలు అరిగి సందు పెరిగినను రవ్వ బలహీనమగును. ప్లగ్గును విప్పి చూచుట రోగి నాలుకను చూచుట వంటిది. లేత గోధుమ వన్నెతో ఉన్నచో ఆరోగ్యము. పొడి మసితో నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువగుచున్నది. నూనె తడి యున్నచో లోపలి రింగులు అరిగియుండవచ్చును. పెట్రోలుతో తడిసియున్నచో రవ్వ పుట్టుటలేదు. కార్బురేటరు గల పాత కార్లలో చలి ఉదయమున చోకు లాగవలెను; వేడి ఇంజనునకు చోకు లాగినచో పెట్రోలు ముంచెత్తి ప్లగ్గులు తడియును. నేటి కార్లలో గాలిని, పెట్రోలును, రవ్వను ఒక చిన్న కంప్యూటరు నడిపించును. పరికరము తగిలించినచో అది లోపమును అంకెలలో చెప్పును. కాని ఆ అంకె 'ఈ భాగమున తేడా యున్నది' అని మాత్రమే చెప్పును. ఆ భాగమే చెడినదా, దానికి పోవు తీగ తెగినదా అన్నది మనుష్యుడే తేల్చుకొనవలెను. విద్యుత్ కార్లకు పెట్రోలు ఇంజనే లేదు. అయినను వానిలో సాధారణముగా ఒక చిన్న 12 వోల్టుల బ్యాటరీ యుండును. అది అడుగంటినచో పెద్ద బ్యాటరీ నిండుగా నున్నను కారు మేల్కొనదు.

ఇంతవరకు కారును కదల్చు మార్గములు చెప్పబడినవి. కదల్చరాని సందర్భము ఒకటి కలదు. జూబిలీహిల్సు, యూసఫ్‌గూడ ఎత్తుల నుండి దిగు వాననీరు అమీర్‌పేట పల్లపు వీధులలో చేరుట నగరవాసులకు తెలిసినదే. 2000 ఆగస్టు 24న ఒక్క దినమున హైదరాబాదులో 24 సెంటీమీటర్ల వర్షము కురిసినది. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి నగరమున పెక్కు వీధులు ఏరులైనవి, కార్లు నీటిలో తేలిపోయినవి, సెల్లారులు చెరువులైనవి. అట్లు నీట మునిగిన కారును 'ఒక్కసారి త్రిప్పి చూతము' అని స్టార్టు చేయరాదు. గాలి గొట్టము ద్వారా నీరు సిలిండరులో చేరియుండవచ్చును. గాలిని అదుమవచ్చును గాని నీటిని అదుమలేము. పైకి వచ్చు పిస్టను నీటికి తగిలి ఆగిపోగా దానిని మోయు ఉక్కు కడ్డీ వంగును, లేదా విరిగి ఇంజను గోడను చీల్చును. ఒక్క త్రిప్పుడుతో ఇంజను మొత్తము పాడగును. బ్యాటరీ తీగను విప్పించి, కారును మరొక బండిపై షెడ్డునకు చేర్పించుటయే వివేకము. ఆగి ఆలోచించుటయు మరమ్మతులో ఒక భాగమే.

ఇట్టి పరీక్షలు విద్యార్థులు తామొక్కరే చేయదగినవి కావు. పెద్దల సమక్షమున, ఇంజను ఆపి, బండి కదలకుండ చేతి బ్రేకు వేసి చూడవలెను. కాని వీనిలోని ఆలోచనా విధానము ఏ వయస్సువారికైనను పనికివచ్చును.

తెలుగులో 'అనుమానము' అను మాటకు రెండర్థములు కలవు. వాడుకలో అది సందేహము. తర్కశాస్త్రమున అది జ్ఞానసాధనము. కొండపై పొగను చూచి అచ్చట నిప్పున్నదని నిశ్చయించుట అనుమాన ప్రమాణము. అద్దెకారు చుట్టు చేరినవారిది మొదటి అర్థపు అనుమానము: బ్యాటరీ యేమో, సెల్ఫు యేమో. మెకానిక్కుది రెండవ అర్థపు అనుమానము: దీపములు మసకబారలేదు, కావున బ్యాటరీ కాదు; ఎర్తు తీగ యొద్ద 3 వోల్టులు పోవుచున్నవి, కావున దోషమచ్చటనే. మొదటిది సొమ్మును పోగొట్టినది. రెండవది బండిని నిలబెట్టినది.

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న శిక్షణాలయములకు దూరప్రాంతముల నుండి యువకులు వచ్చి కంప్యూటరు విద్య నేర్చుకొనుచుందురు. వారు వ్రాసిన ప్రోగ్రాములో తప్పు దొర్లినపుడు దానిని వెదకు పద్ధతియు ఇదియే: సమస్యను రెండు భాగములుగా చీల్చుట, ఒక్కొక్క భాగమును వేరుగా పరీక్షించుట, ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయుట. వైద్యుడు నాడి పట్టునపుడును, రైతు ఆకుపై మచ్చను చూచి తెగులును గుర్తించునపుడును ఈ విద్యనే ప్రయోగింతురు. మెకానిక్కు చేతికి నూనె మసి అంటియుండవచ్చును. ఆ చేతి వెనుక నున్న బుద్ధి శాస్త్రజ్ఞుని బుద్ధివలె పనిచేయునపుడు అతని పని పాండిత్యమునకు తీసిపోదు. మొరాయించిన యంత్రము మొండిది కాదు. అది తన బాధను ఒక మూలుగుతోనో, ఒక దీపపు వెలుగుతోనో చెప్పుచునే యుండును. సావధానముగా వినువారికి అది బదులు చెప్పును.